వెలిగే దీపంలో లేని ఎండ

దీపం వెలుగుతూనే ఉంది.
అదే నా తప్పు. వెలుగుతోంది కదా అనుకున్నాను.
గొట్టం లోపల ఎండ ఎప్పుడో చచ్చిపోయి
వట్టి తెలుపు మిగిలిందని
డాక్టర్ హెద్వికా చెప్పేదాకా తెలీదు.

బ్ర్నోలో ఫిబ్రవరి.
ట్రాము పట్టాల మధ్య మంచు బురదై, మళ్లీ గడ్డై.
నా కోటు లోపల, వేడినీళ్ల సంచీ పక్కన,
బూట్ల డబ్బాలో మా ఊసరవెల్లి.
పేరు ఓలివా. పెట్టింది అపొలెన, తొమ్మిదేళ్ల నా కూతురు.

మా ఇంటికి వచ్చాక అది మగదాని మొహం చూడలేదు.
అయినా నెల క్రితం ఒంటి మీద
ముదురు ఆకుపచ్చ, దానిపైన పసుపు చుక్కలు, నీలి మరకలు.
పండగ బట్టలు కట్టుకుందని మురిసింది పిల్ల.
నిండు చూలాలని పుస్తకం చెప్పింది.
"నాన్నెవరు?"
ఎవరూ లేరమ్మా. కోడిపెట్టలాగే
కొన్నిటికి ఒళ్లే ముహూర్తం పెట్టేస్తుంది.
కాసేపు ఆలోచించి అడిగింది:
"మరి గుడ్లలో ఎవరుంటారు?"

ఎవరూ లేని గుడ్ల కోసం కూడా
ప్రాణం పోవచ్చునని నేను చెప్పలేదు.

రంగులు మార్చేదాన్ని నమ్మొద్దంటారు.
ఇది ఒక్క అబద్ధమూ ఆడలేదు.
పట్టపగలు కళ్లు మూసుకుంది, కళ్లు గుంటలు పడ్డాయి,
కొమ్మ వదిలి పంజరం అడుగున కూర్చుంది,
నా వేలు పట్టుకుంటే పట్టులో బిగువు లేదు.
అన్నీ చెప్పింది.
చదవడం నాకు రాలేదు.

ఎక్స్‌రేలో ద్రాక్షగుత్తి. నలభై ఒకటి.
చుట్టూ ఎముకలు, పొగమంచులో కంచెలా
ఉన్నాయా లేవా అన్నట్టు.
"పెంకులకి సున్నం చాలక
తన ఎముకల్నే అరగదీసి పోసింది."
డాక్టర్ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.
"రోజుకి ఎన్ని కీచురాళ్లు వేస్తారు?"
అపొలెన వేళ్లు లెక్కపెట్టింది, రెండు చేతులూ చాల్లేదు.
ఎక్కువ తింటే ఎక్కువ గుడ్లు, అంతే, అందావిడ.
పిల్ల చేతులు వీపు వెనక దాచుకుంది.

కాల్షియం సూది ఒకటి. చుక్కచుక్కగా నీళ్లు.
బకెట్టులో తడి ఇసుక, మోచేతి లోతు;
పిడికిట పడితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు.
"పైన గుడ్డ కప్పండి. చూడకండి.
చూస్తే తవ్వదు. తవ్వకపోతే పెట్టదు.
రెండు రోజులు ఆగి, కత్తి తీస్తాను."

అన్ని మందుల్లోకీ చేదుది ఆ "చూడకండి".
ఇన్నాళ్లూ మా ఇంట్లో ప్రేమంటే
ఆ పంజరం ముందు కుర్చీ వేసుకోవడమే.

రెండో రాత్రి.
వంటింటి నేల మీద, గోడకి ఆనుకుని ఇద్దరం.
ఫ్రిజ్ చప్పుడు ఆగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి.
మూడు దాటాక
గరగర.
ఆగింది.
మళ్లీ గరగర, ఎవరో చీకట్లో
గోధుమల బస్తాలో చెయ్యి పెట్టి వెతుకుతున్నట్టు.
అపొలెన నా చొక్కా పట్టుకుంది.
పట్టులో బిగువుంది.

తెల్లారేసరికి ఇసుక చదునుగా ఉంది.
కాళ్లతో తొక్కి తొక్కి కప్పెట్టింది.
లోపల ఎవరూ లేరని
దానికెవరూ చెప్పలేదు.

స్పూనుతో తవ్వి లెక్కపెట్టాం: ముప్పై ఎనిమిది.
పిల్ల చప్పట్లు కొట్టబోయి నా మొహం చూసింది.
మళ్లీ లెక్కపెట్టాం.

ఇంకా మూడు.

ఎనిమిదింటి ట్రాముకి మళ్లీ బూట్ల డబ్బా.
బయల్దేరే ముందు కొత్త దీపం బిగించాను.
పాతదాని పక్కన వెలిగిస్తే
మా కళ్లకి తేడా తెలీలేదు.
గొట్టం మీద తేదీ రాశాను, చెరగని సిరాతో.
పాతది చెత్తబుట్టలో వేసేటప్పుడు కూడా
వెచ్చగానే ఉంది.

మలుపులో ట్రాము కుదిపినప్పుడు
ఓలివా ఒక కన్ను తెరిచి నా వైపు తిప్పింది.
రెండో కన్ను
కిటికీలో ఎండ వచ్చే వైపుంది.